ఒకే ఆట, పదకొండు ఫైళ్లు: పాత వీడియో గేముల నకళ్లను వేరుచేయడం ఎట్లా?

1990లలో టీవీకి తగిలించుకొని ఆడే వీడియో గేము యంత్రాలతో పెరిగినవారికి ‘9999 ఇన్ 1’ అని అట్టమీద అచ్చువేసి అమ్మిన క్యాసెట్టు గుర్తుండే ఉంటుంది. నిజానికి అది క్యాసెట్టు కాదు, లోపల చిప్పులు బిగించిన కార్ట్రిడ్జి. అయినా పిల్లలందరికీ అది క్యాసెట్టే. తెర మీద వేల సంఖ్యలో పేర్లు బారులు తీరేవి. నాలుగు రోజులు ఆడేసరికి అసలు సంగతి తేలిపోయేది. ఆటలు వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే. తక్కినవన్నీ వాటి మారురూపాలు: ఒకదానికి పేరు మార్చారు, ఒకటి మూడవ దశ నుండి మొదలవుతుంది, మరొకదానిలో ప్రాణాలు ఎక్కువ ఇస్తారు.

ఆ ఆటలను ఈనాడు కంప్యూటరు ఫైళ్లుగా సేకరించి, భద్రపరచి, తోటి ఆసక్తిపరులతో పంచుకోదలచినవారికి ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే. పాత యంత్రాన్ని కొత్త కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటరు అనే ప్రోగ్రాము ఉంటే ఆ ఫైళ్లను మళ్లీ ఆడుకోవచ్చు. కాని పదేళ్లపాటు అక్కడా ఇక్కడా పోగుచేసిన ఒక ఫోల్డరును తెరిస్తే, నింటెండో సంస్థ 1985లో విడుదల చేసిన సూపర్ మారియో బ్రదర్స్ ఒక్కదానికే పదకొండు ఫైళ్లు కనిపించడం అరుదు కాదు. ఏది అసలు, ఏది నకలు, ఏది నకలుకు నకలు? అన్నింటికంటె పెద్ద ఫైలును ఉంచుకోవడం కొందరి అలవాటు. అన్నింటికంటె కొత్త తేదీ ఉన్నదానిని ఉంచడం మరికొందరి పద్ధతి. ఎక్కువ చోట్ల కనిపించేదే సరియైనదనుకొనేవారూ ఉన్నారు. ఈ మూడింటిలో ఏదీ నమ్మదగినది కాదు. పైగా ఈ పద్ధతులలో ఒక్కోసారి మిగిలిన ఏకైక మంచి ప్రతే చెత్తబుట్టలోకి పోతుంది.

పేరును బట్టి పోల్చరాదు

సరిహద్దు మండలాలలో నివసించేవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తెలుగులో హోసూరు అని వ్రాసినా, తమిళంలో ఓసూరు అని పలికినా ఊరు ఒకటే. కొత్తపల్లె అన్న పేరుతో మాత్రం ఎన్ని ఊళ్లున్నాయో లెక్కలేదు. ఫైళ్ల సంగతీ ఇంతే. పేర్లు వేరైనంత మాత్రాన లోపలి సరుకు వేరు కాదు, పేరు ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కాదు. ఫైలు తేదీ అంతకంటె బలహీనమైన సాక్ష్యం. అది చాలాసార్లు ఆట పుట్టిన తేదీ కాదు, ఎవరో దానిని కాపీ చేసిన తేదీ.

కనుక పోల్చవలసినది లోపలి బైట్లను. ఇరవై వేల ఫైళ్లలో ప్రతి ఒక్కదానినీ తక్కిన అన్నింటితో పోల్చడం కంప్యూటరుకు సైతం వృథాశ్రమ. అందుకు బదులు ప్రతి ఫైలుకూ ఒక వేలిముద్ర తీస్తారు. దీనిని హ్యాష్ అంటారు. ఫైలులోని బైట్లన్నింటినీ ఒక నిర్ణీత గణితప్రక్రియలో నడిపిస్తే చివరకు ఒక చిన్న సంఖ్య వస్తుంది. ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య మారిపోతుంది. వాడుకలో ఉన్నవి ముఖ్యంగా మూడు: సీఆర్‌సీ32, ఎండీ5, షా-1. మొదటిదాని పొడవు 32 బిట్లు, రెండవది 128, మూడవది 160.

వీటిలో సీఆర్‌సీ32 లెక్కించడం తేలిక. అంతేగాక జిప్ ఫైలు తనలో దాచుకొన్న ప్రతి ఫైలు సీఆర్‌సీనీ ముందే వ్రాసి ఉంచుకొంటుంది కనుక, జిప్ విప్పకుండానే దానిని చదువుకోవచ్చు. అయితే దీనికి సాధ్యమైన విలువలు 4,29,49,67,296 మాత్రమే. చూడటానికి ఇది పెద్ద సంఖ్యే. కాని ఇరవై వేల వేర్వేరు ఫైళ్లు ఉన్న సేకరణలో ఏవో రెండింటికి కాకతాళీయంగా ఒకే సీఆర్‌సీ పడే అవకాశం నూటికి నాలుగైదు పాళ్లు ఉన్నదని లెక్క చెబుతుంది. అందువలన ఫైలు పరిమాణాన్ని, షా-1ను కూడా కలిపి చూడటం క్షేమం. ఎండీ5కు 2004లో, షా-1కు 2017లో పరిశోధకులు ఒకే ముద్ర గల రెండు వేర్వేరు ఫైళ్లను కావాలని సృష్టించి చూపిన మాట నిజమే. దొంగను పట్టవలసిన చోట ఆ లోపం ప్రమాదకరం. ఇంట్లో పాత ఆటలను వేరుచేసుకొనే పనికి అది అడ్డు కాదు.

ఇక్కడ కొత్తవారు తరచుగా పొరబడే చోటు ఒకటి ఉన్నది. జిప్ ఫైలుకే వేలిముద్ర తీసి పోలుస్తారు. జిప్‌లో లోపలి ఫైలు తేదీ, కుదించిన పద్ధతి కూడా చేరి ఉంటాయి కాబట్టి, ఒకే ఆటను ఇద్దరు వేర్వేరు రోజులలో జిప్ చేస్తే రెండు ముద్రలు వస్తాయి. పెట్టెను కాదు, పెట్టెలోని వస్తువును తూచాలి.

తాళపత్రాల నుండి ఒక పాఠం

ముద్రలు కలిసినవాటిని పక్కన పెట్టగా, కలవనివి మిగులుతాయి. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఈ పని తెలుగువారికి కొత్తది కాదు. అచ్చు రాకముందు కావ్యాలు తాళపత్రాల మీద ఒకరిని చూచి ఒకరు వ్రాసుకొన్న ప్రతులుగా తిరిగాయి. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయంలో నేటికీ అట్టి తెలుగు ప్రతులున్నాయి. 1829లో వేమన పద్యాలను అచ్చువేయించిన సి.పి.బ్రౌను ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, కడపలో పండితులను నియమించి, వాటిని పోల్చి చూపించాడు. అట్టి పరిష్కర్తలు వాడిన మాటలే ఇక్కడా అక్కరకు వస్తాయి: పాఠాంతరం, ప్రక్షిప్తం, లేఖకదోషం, శిథిలప్రతి.

పరిష్కర్తలు గ్రహించిన సూక్ష్మం ఏమంటే, పది ప్రతులు ఒకే తల్లిప్రతిని చూచి వ్రాసినవైతే అవి పది సాక్ష్యాలు కావు, ఒక్క సాక్ష్యమే. తల్లిప్రతిలో తప్పు ఉంటే పదింటిలోనూ అదే తప్పు ఉంటుంది. వేరొక ఊరిలో, వేరొక వంశంలో దొరికిన పదకొండవ ప్రతి ఒక్కటే ఆ పదింటికీ ఎదురు నిలువగలదు. ఆటల ఫైళ్లకు ఈ న్యాయం అక్షరాలా వర్తిస్తుంది. ఎవరో ఒకరు మురికి పట్టిన కార్ట్రిడ్జి నుండి తప్పుగా చదివిన ఫైలును ఇంటర్నెట్టులో పెడితే, అది వంద చోట్లకు పాకుతుంది. వంద చోట్ల ఒకే వేలిముద్ర కనిపించిందని అది మంచిప్రతి అయిపోదు. సంబంధం లేని ఇద్దరు వ్యక్తులు తమ తమ కార్ట్రిడ్జిలను విడివిడిగా చదివినపుడు రెండు ముద్రలూ ఏకమైతేనే అది సరిచూచిన ప్రతి. జాబితాలు తయారుచేసేవారు పాటించే నియమం ఇదే.

లేఖకదోషానికి వినోదకరమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. నింటెండో ఎన్‌ఈఎస్ ఆటల ఫైళ్లకు మొదట 16 బైట్ల శీర్షభాగం ఉంటుంది. దీనిని హెడరు అంటారు. ఆటలో ఎంత ప్రోగ్రాము, ఎంత బొమ్మల సమాచారం ఉన్నది, కార్ట్రిడ్జిలో ఏ రకం సర్క్యూటు ఉన్నది అన్న వివరాలు అందులో వ్రాస్తారు. ఇది అసలు కార్ట్రిడ్జిలో లేదు. మరాట్ ఫైజుల్లిన్ అనే ప్రోగ్రామరు తన ఎమ్యులేటరు కోసం ఏర్పరచిన పద్ధతి ఇది. సూపర్ మారియో బ్రదర్స్ కార్ట్రిడ్జిలో ఉన్నది 32 కిలోబైట్ల ప్రోగ్రాము, 8 కిలోబైట్ల బొమ్మలు, వెరసి 40,960 బైట్లు. ఫైలు మాత్రం 40,976. ఆ హెడరులో మొదట్లో కొన్ని బైట్లు ఖాళీగా ఉండేవి. ఒక పాత ఉపకరణం ఆ ఖాళీలో ‘డిస్క్‌డ్యూడ్!’ అని సంతకం చేసి వదిలేది. తాళపత్రం అంచున వ్రాయసకాడు తన పేరు చెక్కినట్లన్నమాట. తర్వాతి కాలంలో ఆ ఖాళీ బైట్లకు అర్థం కల్పించారు. అప్పుడు సంతకంలోని మొదటి అక్షరమే సర్క్యూటు సంఖ్యలో భాగమైపోయి, ఉన్నదానికి 64 అదనంగా చేరింది. ఎమ్యులేటరు లేని సర్క్యూటు కోసం వెదికి ఆట నడపక మొరాయించేది. ఆట చెక్కుచెదరలేదు, చెడినది పైనున్న చీటీ మాత్రమే. ఇది తెలియనివారు మంచి ఫైలును పాడైనదనుకొని తీసివేశారు.

చుట్టును తొలగించి చూడటం

కాబట్టి వేలిముద్రలు కలవనివన్నీ వేరు ఆటలని నిర్ణయించే ముందు, పైచుట్టు వలన వచ్చిన తేడాలను ఏరివేయాలి. ఎన్‌ఈఎస్ ఫైలుకు మొదటి 16 బైట్లు వదలి తక్కినదానికి ముద్ర తీస్తారు. సూపర్ నింటెండో ఫైళ్లలో కొన్నింటికి ఆనాటి కాపీ యంత్రాలు తగిలించిన 512 బైట్ల హెడరు ఉంటుంది, దానినీ వదలాలి. పదకొండు మారియో ఫైళ్లలో ఈ ఒక్క పనితో నాలుగైదు ఒకటైపోవచ్చు.

నింటెండో 64 ఆటలలో చిక్కు మరొక విధం. ఒకే ఆట మూడు క్రమాలలో దొరుకుతుంది. సహజమైన క్రమంలో ఫైలు 80 37 12 40 అనే బైట్లతో మొదలవుతుంది. ఒక కాపీ యంత్రం ప్రతి రెండు బైట్లనూ తారుమారు చేసి వ్రాసింది కనుక దాని ఫైలు 37 80 40 12 అని మొదలవుతుంది. మూడవ రకం నాలుగేసి బైట్లను తిరగవేసి 40 12 37 80 అని మొదలవుతుంది. పరిమాణం మూడింటికీ సమానమే, సారం ఒకటే, ముద్రలు మాత్రం మూడు. అన్నింటినీ మొదటి క్రమానికి మార్చిన తర్వాతనే పోల్చాలి.

మరికొన్ని ఫైళ్లు ఉండవలసినదానికి సరిగ్గా రెట్టింపు ఉంటాయి. చదివే పరికరం చిప్పు చివర ఆగక మళ్లీ మొదటి నుండి చదివితే ఇట్లా జరుగుతుంది. మొదటి సగం, రెండవ సగం అచ్చంగా ఒకటే అయితే అది చాలావరకు ఈ కోవకే చెందుతుంది. పెద్ద ఫైలే మంచిదనుకొనేవారు ఉంచుకొనేది దీనినే.

అయితే ప్రతి అదనపు బైటూ వ్యర్థం కాదు. కమొడోర్ 64 కంప్యూటరు ఫ్లాపీ ప్రతి సాధారణంగా 174,848 బైట్లుంటుంది, అనగా 256 బైట్ల చొప్పున 683 సెక్టార్లు. కొన్ని మాత్రం 175,531 బైట్లుంటాయి. ఎక్కువైన 683 బైట్లు ఒక్కొక్క సెక్టారు చదివినపుడు దోషం కనిపించిందా లేదా అని చెప్పే గుర్తులు. ఆనాటి ప్రచురణకర్తలు దొంగ కాపీలను అరికట్టడానికి ఫ్లాపీలో కావాలనే దోషం పెట్టి, ఆ దోషం ఉంటేనే ఆట నడిచేటట్లు చేసేవారు. అట్టి ఆటకు ఆ 683 బైట్లు తీసివేస్తే ప్రాణం తీసినట్లే. చుట్టు ఏదో, వస్తువు ఏదో యంత్రం యంత్రానికీ మారుతుంది. కనుకనే ఈ పనిని పూర్తిగా ప్రోగ్రాముకు అప్పగించి నిద్రపోవడం మంచిది కాదు.

సవరించిన ప్రతి అసలు ప్రతి అవుతుందా?

పాఠాంతరాల వ్యవహారం ఎంత దూరం పోగలదో చూడాలంటే బ్రిటనులో 1984లో వెలువడిన జెట్ సెట్ విల్లీని మించిన ఉదాహరణ లేదు. సింక్లెయిర్ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటరు కోసం మాథ్యూ స్మిత్ వ్రాసిన ఈ ఆటను సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ సంస్థ క్యాసెట్టు టేపు మీద అమ్మింది. టేపును టేపు మీదికి ఎక్కించుకోవడం ఎవరికైనా సాధ్యమే కనుక, పెట్టెలో రంగుల సంకేతాలు అచ్చువేసిన ఒక కార్డు పెట్టారు. ఆట మొదలయ్యే ముందు తెర అడిగిన గడిలోని రంగులను కార్డు చూచి చెప్పాలి. రంగుల ఫోటోకాపీ సామాన్యులకు అందని ఆ రోజులలో ఇది గట్టి తాళమే. కొద్ది కాలంలోనే ఆ ప్రశ్న అడగకుండా కోడు మార్చిన ప్రతులు పుట్టాయి.

ఇంతలో మరొక సంగతి బయటపడింది. ఆట ఉన్నది ఉన్నట్లుగా ఎవరూ పూర్తిచేయలేరు! ఇంటి అటక గదిలోకి ఒకసారి ప్రవేశిస్తే, మెమరీలో జరిగే పొరపాటు వలన ఆ తర్వాత వేరే కొన్ని గదులలో అడుగు పెట్టగానే విల్లీ చనిపోతాడు. అది తప్పు కాదు, ఆ గదులలో విషవాయువు నిండినదని సంస్థ మొదట సమర్థించుకొన్నది. చివరకు ఆటగాళ్లే కోడు విప్పి చూచి, ఏయే మెమరీ స్థానాలలో ఏయే సంఖ్యలు మార్చాలో కనుగొన్నారు. ‘పోక్’ అనే ఆ సవరణలను తర్వాత సంస్థే ఆమోదించి ప్రకటించింది.

ఇపుడు ఫోల్డరులో నాలుగు ఫైళ్లున్నాయనుకొందాం. ఒకటి దోషాలతో సహా అంగడిలో అమ్మిన ప్రతి. రెండవది రంగుల ప్రశ్న తొలగించినది. మూడవది సంస్థ ఆమోదించిన సవరణలు చేసినది. నాలుగవది ఎవరో ప్రాణాలు తరగకుండా మార్చినది. ఆడుకోవాలనుకొనేవానికి మూడవది కావాలి. చరిత్ర వ్రాసేవానికి మొదటిది లేనిదే పని జరగదు. అటక గది కథ అందులోనే ఉన్నది. రెండవది ఆనాటి తాళాలు ఎట్లా పగలగొట్టారో చెప్పే సాక్ష్యం. నాలుగవదానిని పారవేసినా నష్టం లేదనిపిస్తుంది గాని, ఏ పత్రికతోనైనా, ఏ ముఠా పేరుతోనైనా వచ్చినదైతే దానికీ ఒక విలువ ఉండవచ్చు. మొదటిదానికి ‘చెడిన ప్రతి’ అని, మూడవదానికి ‘అసలు’ అని పేరు పెట్టడం మాత్రం పెద్ద పొరపాటు. వాడుకలో ఇదే ఎక్కువగా జరిగినది, ఎందుకంటే నడిచేదే అసలని మనిషి బుద్ధికి తోస్తుంది.

స్పెక్ట్రమ్ ఆటలలోనే వేలిముద్రకు లొంగని నకళ్లు కూడా ఉన్నాయి. ఎస్‌ఎన్‌ఏ అనే రకం ఫైలు టేపు ప్రతి కాదు, ఆట నడుస్తున్నపుడు ఒకానొక క్షణంలో కంప్యూటరు మెమరీ మొత్తానికి తీసిన ఛాయాచిత్రం. 48 కిలోబైట్ల మెమరీ, 27 బైట్ల హెడరు కలిసి అది ఎప్పుడూ 49,179 బైట్లే. అరక్షణం తేడాతో తీసిన రెండు చిత్రాలు ఒకే ఆటవైనా బైట్లు కలవవు. వీటిని హ్యాష్ ఏకం చేయలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉన్నదో చూడాలి. తేడాలు తెర బొమ్మ, స్కోరు ఉండే చోట్లకే పరిమితమైతే ఒకటే ఆట. ప్రోగ్రాము ఉన్న చోట తేడా వస్తే ఎవరో చేయిపెట్టినట్లు.

జాబితాలు, వాటి దృక్పథాలు

ప్రతి ఒక్కరూ ఈ పరిశోధన మొదటి నుండి చేయనక్కరలేదు. స్వచ్ఛంద బృందాలు ఏళ్ల తరబడి తయారుచేసిన జాబితాలున్నాయి. ‘డాట్’ ఫైళ్లుగా ప్రసిద్ధమైన వీటిలో ఆట ఉండదు. ఆట పేరు, పరిమాణం, వేలిముద్రలు మాత్రమే ఉంటాయి. క్లర్‌మేమ్‌ప్రో, రామ్‌వాల్ట్ వంటి ప్రోగ్రాములు ఇంట్లోని ఫోల్డరును ఆ జాబితాతో పోల్చి, గుర్తుపట్టినవాటికి సరియైన పేరు పెడతాయి.

జాబితాలన్నీ ఒకే దృష్టితో తయారైనవి కావన్నది గమనించాలి. నో-ఇంట్రో బృందం కార్ట్రిడ్జిలో ఉన్నది ఉన్నట్లుగా చదివిన శుద్ధప్రతికే ప్రాధాన్యం ఇస్తుంది. తాళం పగలగొట్టిన ముఠాలు ఆట ముందు అతికించే తమ ప్రకటనలను ఇంట్రోలంటారు. అవి లేనిదన్నదే ఆ పేరుకు అర్థం. టోసెక్ జాబితా దీనికి భిన్నం. అది ప్రక్షిప్తాలను కూడా లెక్కలోకి తీసుకొని, పేరు చివర చదరపు కుండలీకరణంలో గుర్తు పెడుతుంది: తాళం తీసినదానికి ‘సీఆర్’, నడిచేటట్లు సరిచేసినదానికి ‘ఎఫ్’, అదనపు ప్రాణాలు వగైరా ఇచ్చినదానికి ‘టీ’, అనువదించినదానికి ‘టీఆర్’, తప్పుగా చదివినదానికి ‘బీ’, చిప్పు దాటి చదివినదానికి ‘ఓ’. జెట్ సెట్ విల్లీ వంటివాటికి రెండవ పద్ధతే న్యాయం చేస్తుంది. అంగడులలోని పెద్ద ఆటయంత్రాల కోసం 1997లో మొదలైన మేమ్ ప్రాజెక్టు, ఒక ప్రతిని తల్లిగా నిర్ణయించి తక్కిన దేశాల ప్రతులను దాని పిల్లలుగా చూపిస్తుంది. ఇది చోటు ఆదా చేస్తుంది. కాని పిల్ల ఫైలులో తేడా భాగం మాత్రమే ఉన్నపుడు తల్లిని తీసివేస్తే పిల్ల నడవదు. నకలనుకొని తల్లిని తుడిచివేసి, ఆ తర్వాత నెత్తి బాదుకొన్నవారు కొల్లలు.

జాబితా గుర్తించని ఫైలు కనబడితే దానిని తొలగించే సదుపాయం కొన్ని ప్రోగ్రాములలో ఉన్నది. దానిని ముట్టుకోకపోవడమే మంచిది. గుర్తించనిది చెత్త కావచ్చు, ఇంతవరకు ఎవరికీ దొరకని ప్రతీ కావచ్చు. మొత్తం సేకరణకు ముందే ఒక కాపీ తీసి వేరే డిస్కులో ఉంచి, గుర్తించనివాటిని వేరు ఫోల్డరుకు మార్చి, ఎక్కడి నుండి వచ్చిందో ఒక చీటీ వ్రాసి పెట్టాలి. ఆరు నెలలకు జాబితా కొత్త సంచిక వచ్చినపుడు మళ్లీ పోల్చవచ్చు.

పంచుకొనేటప్పుడు

వేరుచేయడం పూర్తయిన తర్వాత పంచుకోవడం. ఇక్కడ చట్టం దగ్గర ఆగక తప్పదు. భారతదేశపు 1957 కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతిగా పరిగణిస్తుంది. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. ఆట పాతదైపోయిందని, అమ్మకం ఆగిందని హక్కు పోదు. న్యాయంగా కొన్న ప్రోగ్రాముకు పాడవుతుందన్న భయంతో కొన్నవారే భద్రత కోసం కాపీ తీసుకొనడానికి చట్టంలో వీలున్నది. దానిని పదిమందికీ పంచడం వేరు సంగతి.

అయినా పంచుకోదగినవి తక్కువేమీ కాదు. 1993 డిసెంబరు 10న విడుదలైన డూమ్ ఆట మొదటి భాగాన్ని మార్పులు చేయకుండా పంచుకోవచ్చని దాని కర్తలే షేర్‌వేరుగా వదిలారు. దాని చివరి 1.9 ప్రతిలో ముఖ్యమైన సమాచారపు ఫైలు 4,196,020 బైట్లు. మార్పులు చేయరాదన్నదే షరతు కనుక, చేతిలో ఉన్నది మారని ప్రతి అవునో కాదో తేల్చుకొనడం ఇక్కడ శుద్ధివ్యామోహం కాదు, అనుమతిలో భాగమే. 1994 నాటి బినీత్ ఎ స్టీల్ స్కై ఆటను 2003లో హక్కుదారులు ఉచితం చేశారు. మాటలు వినిపించే సీడీ ప్రతి, మాటలు లేని ఫ్లాపీ ప్రతి రెండూ దొరుకుతాయి. అవి నకళ్లు కావు, రెండూ ఉంచదగినవే. అటువంటి ఆటలను నడిపే స్కమ్‌వీఎం ప్రోగ్రాము సాధారణంగా ఫైలు మొదటి 5,000 బైట్లకే ముద్ర తీసి, పరిమాణంతో కలిపి ఏ ప్రతియో గుర్తిస్తుంది. త్వరగా గుర్తించడానికి అది చాలును. ఫైలు చివరి దాకా పాడవలేదని నిరూపించడానికి చాలదు.

అనువాదాలు, సవరణలు పంచుకోవలసి వచ్చినపుడు పూర్తి ఆటకు బదులు తేడాను మాత్రమే ప్యాచ్ ఫైలుగా ఇవ్వడం వాడుక. పాత ఐపీఎస్ పద్ధతి ఏ ప్రతి మీద అతికిస్తున్నారో అడగదు. వేరే దేశపు ప్రతి మీద అతికించినా మాట్లాడక అతికించి, ఆటను చెడగొడుతుంది. తర్వాత వచ్చిన బీపీఎస్ పద్ధతి మూలప్రతి సీఆర్‌సీని తనలో దాచుకొని, అది కలవకపోతే పని చేయనంటుంది. ఏ ప్రతికి ప్యాచ్ తయారు చేశారో దాని షా-1ను పక్కన వ్రాయడం తోటివారికి చేయదగిన కనీసపు ఉపకారం.

మన ఊళ్లలో అమ్మిన క్యాసెట్టు మాటేమిటి? జాబితాల దృష్టిలో అది అనుమతిలేని నకలు, అందులోని మారియో ప్రక్షిప్తాలతో నిండినది. శుద్ధప్రతి మాత్రమే ఉంచుకొనే సేకరణలో దానికి చోటు లేదు. కాని ఇక్కడి పిల్లలలో ఎక్కువమంది ఆడినది క్యోటో నుండి వచ్చిన శుద్ధప్రతి కాదు, పేరు మార్చిన ఈ ప్రతే. శుద్ధప్రతి ప్రపంచమంతటా వేల చోట్ల భద్రంగా ఉన్నది. ఈ క్యాసెట్టులు అటకల మీద తుప్పు పట్టి, పాత సామానువాని బుట్టకెక్కుతున్నాయి. పంచడానికి చట్టం అడ్డు వచ్చినా, చదివి వివరాలు నమోదు చేసి ఉంచవలసిన అవసరం వీటికే ఎక్కువ.

చదవడమూ సులభం కాదు. లోపల చిప్పు మీద కంపెనీ పేరు గాని సంఖ్య గాని ఉండదు. నల్లని లక్క చుక్క వంటి ముద్ద ఒకటి బోర్డుకు అతుక్కొని ఉంటుంది. దానిని ఊడదీయకుండా అంచున ఉన్న ఇత్తడి రంగు పళ్ల ద్వారానే చదవాలి. ముందు ఆ పళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిచి ఆరనివ్వాలి. ఆ రోజులలో చేసినట్లు నోటితో ఊదరాదు, ఉమ్మి తేమకు తుప్పు పెరుగుతుంది. అట్ట మీది బొమ్మకు, బోర్డుకు ఇరువైపులా ఫోటో తీసి, ఏ ఊరి అంగడిలో ఏ సంవత్సరంలో కొన్నారో ఇంట్లో పెద్దవారినడిగి వ్రాసుకోవాలి. ఒకసారి చదివి షా-1 తీసి, కార్ట్రిడ్జిని బయటికి తీసి మళ్లీ పెట్టి రెండవసారి చదవాలి. రెండు ముద్రలూ కలవకపోతే మళ్లీ దూది, మళ్లీ ఆల్కహాలు, మూడవసారి చదవడం.